అడిగి మరీ దోచుకునేవాడు

ఫోన్లలో, కంప్యూటర్లలో దూరి దోచుకునే దొంగ ప్రోగ్రామ్‌ను, అంటే మాల్వేర్‌ను, అందరూ తిట్టేవాళ్లే. దాని తరఫున ఒక్కరైనా మాట్లాడకపోతే న్యాయం కాదని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందుగా దాని మర్యాద గురించి చెప్పుకోవాలి. మన దగ్గర ఏ పనైనా మనల్ని అడిగి చేసేవాళ్లు ఎవరున్నారు? మున్సిపాలిటీ వాళ్లు మన గుమ్మం ముందు గొయ్యి తవ్వేటప్పుడు అడగరు. పై వాటా వాళ్లు తెల్లవారుజామున మిక్సీ వేసేటప్పుడు అడగరు. చుట్టాలు "దారిలోనే ఉన్నాం" అని చెబుతారేగానీ, రావచ్చా అని అడగరు. ఫోన్లోకి వచ్చే మాల్వేర్ మాత్రం గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఒక్కొక్కటే అడుగుతుంది. అయ్యా, మీ మెసేజ్‌లు చదవొచ్చా? మీ కాంటాక్టులు చూడొచ్చా? మీ తరఫున మెసేజ్‌లు పంపొచ్చా? ఇంత వినయంగా అడిగినవాణ్ని కాదనే సంస్కారం మనకు లేదు. అన్నిటికీ "అలౌ" నొక్కుతాం.

పోయిన మాఘమాసంలో మా బాబాయికి వాట్సాప్‌లో ఒక శుభలేఖ వచ్చింది. తెలియని నంబరు. ఫైలు పేరు "పెళ్లి పిలుపు", చివర చుక్క పెట్టి ఏపీకే. మాఘమాసంలో ఎవరో తెలియనివాళ్లు పెళ్లికి పిలిస్తే తెలుగువాడు అనుమానించడు. వదినగారి పిన్నత్త మనవరాలు అయ్యుంటుందిలే అనుకుంటాడు. బాబాయి నొక్కారు. ఇది ఎక్కడిదో తెలియని యాప్, ప్రమాదం కావచ్చు అని ఫోన్ చెప్పింది. కన్న కొడుకు మాటే వినని మనిషి, ఫోన్ మాట వింటారా? సెట్టింగ్స్‌లోకి వెళ్లి మరీ ఆ అడ్డు తొలగించారు. రింగ్‌టోన్ మార్చడం రాక నాలుగేళ్లుగా అదే మోత భరిస్తున్న ఆయన, అంత లోపలున్న సెట్టింగ్ దాకా ఎలా వెళ్లారో మాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఇంతా చేస్తే కార్డు తెరుచుకోలేదు. బాధ్యత తెలిసిన కుటుంబ పెద్ద అప్పుడేం చేస్తారో ఆయనా అదే చేశారు. ఫైలును మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, "నాకు ఓపెన్ కావట్లేదు, మీకెవరికైనా అవుతుందేమో చూడండి" అని రాశారు. ఏలూరు అత్తయ్య చూసి, "నాకూ కావట్లేదు అన్నయ్యా" అంది. పెద్ద బావ మాకందరికీ టెక్నికల్ సలహాదారు. "కొత్త ఫోన్లు ఉన్నవాళ్లు ట్రై చేయండి" అన్నాడు.

శుభలేఖ ఫొటోగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది, కాస్త కలిగినవాళ్లదైతే వీడియోగా వస్తుంది. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోన్లో యాప్‌ను ఎక్కించే ఫైలు. పెళ్లికి పిలవడానికి యాప్ దేనికి, ఆ యాప్‌కు మన ఎస్సెమ్మెస్‌లతో పనేంటి అని గ్రూపులో ఒక్కరూ అడగలేదు. ముహూర్తం ఎప్పుడు, భోజనాల్లో ఏం పెడుతున్నారు అని మాత్రం అడిగారు. ఇలాంటివి చాలావరకు లోపలికి రాగానే తమ బొమ్మను తెర మీంచి తీసేసుకుంటాయి. మనం ఓపెన్ కాలేదనుకుంటాం. అది లోపల కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటుంది. బ్యాంకు పంపిన ఓటీపీ, బాబాయి కళ్లజోడు వెతుక్కునేలోపే చేరాల్సిన చోటికి చేరిపోతుంది. చూపు సరిగా లేనివాళ్లకు సాయంగా ఉండాలని ఫోన్లలో యాక్సెసిబిలిటీ అనే సదుపాయం పెట్టారు. దానికి కూడా సరేనంటే తెర మీద ఉన్నదంతా అదే చదువుకుంటుంది, నొక్కాల్సినవీ అదే నొక్కుకుంటుంది. ఇక మనకు అలౌ నొక్కే శ్రమ కూడా ఉండదు.

పెళ్లిళ్లు లేని ఆషాఢంలో దీనికి పని ఉండదనుకోకండి. అప్పుడు ట్రాఫిక్ చలానాగా వస్తుంది, పీఎం కిసాన్ డబ్బుగా వస్తుంది, గడువు అయిపోతున్న బ్యాంకు రివార్డు పాయింట్లుగా వస్తుంది. బండి లేనివాళ్లు కూడా చలానా తెరిచి చూస్తారు, ఎంత పడిందోనని.

పాతకాలపు వైరస్‌లకు ఇంతకంటే మర్యాద ఎక్కువ. 1986లో లాహోర్‌కు చెందిన ఇద్దరు అన్నదమ్ములు రాసిన బ్రెయిన్ అనే వైరస్‌లో వాళ్ల పేర్లు, షాపు చిరునామా, ఫోన్ నంబర్లు అన్నీ ఉండేవి. టీకా కావాలంటే మమ్మల్ని సంప్రదించండి అని కూడా రాశారు. ఒక రకంగా అదీ శుభలేఖే, "ఆహ్వానించువారు" దగ్గర నిజం పేర్లు వేసిన శుభలేఖ.

కంప్యూటర్ల విషయంలో మన ఆచారం ఇంకా గొప్పది. మా అమ్మమ్మ చెంబు పెదవికి తగలకుండా నీళ్లు ఎత్తిపోసుకుని తాగేది. ఆవిడ వంశంలో పుట్టిన నేను, పెన్‌డ్రైవ్‌ను కలెక్టరాఫీసు ఎదురుగా ఉన్న జెరాక్స్ షాపులో పెట్టి, అక్కణ్నించి తెచ్చి ఇంట్లో కంప్యూటర్లో పెట్టాను. ఊరందరి ఆధార్ కార్డులూ, టెన్త్ మెమోలూ దిగిన ఆ కంప్యూటర్ కంటే ఎంగిలి వస్తువు జిల్లాలో ఇంకోటి ఉండదు. ఆ మానిటర్ మూల యాంటీవైరస్ గడువు అయిపోయిందని ఒక ఎర్ర గుర్తు వెలుగుతూనే ఉంటుంది. షాపతను దాన్ని దేవుడి పటం దగ్గర జీరో బల్బులాగా చూసుకుంటాడు. పటానికి రోజూ అగరుబత్తి కూడా వెలిగిస్తాడు కాబట్టి కొంత రక్షణ ఉందనే అనుకోవాలి.

ఆ లెక్కన తిరుపతిలో కంప్యూటర్లకు ఏమీ కాకూడదు. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ లోకాన్నంతా చుట్టేసినప్పుడు, తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయాల్లో కొన్ని కంప్యూటర్లకూ తాళం పడింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకూ పడింది, కాబట్టి ఫిర్యాదు ఎవరికివ్వాలన్న సందేహం కూడా తీరిపోయింది. తాళం తీయాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లనే డిజిటల్ డబ్బులో కట్టాలని ఆ వైరస్ బేరం. కుబేరుడి దగ్గర చేసిన పెళ్లి అప్పుకు ఇంకా వడ్డీ కడుతున్న స్వామిని డబ్బులడిగినవాడికి మన గురించి ఏమీ తెలియదన్నమాట. ఆ వైరస్ దూరే కంత మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. కానీ అప్‌డేట్ అనేది మన ఇళ్లలో డాబా మీద వాటర్‌ప్రూఫింగ్ లాంటిది. కురిసినప్పుడు చూద్దాంలే.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం కూడా తప్పే. అదే 2017లో సైబర్ స్వచ్ఛతా కేంద్రం పెట్టింది, మాల్వేర్ తీసేసే టూల్స్ ఉచితంగా ఇస్తోంది. కంప్యూటర్ పరిశోధనలు చేసే ప్రభుత్వ సంస్థ, మన హైదరాబాద్ సీడాక్ వాళ్లు ఫోన్ల కోసం ఎం-కవచ్ అనే యాప్ తయారుచేశారు. మా గ్రూపులో ఎవరి ఫోన్లోనూ అది లేదు. ఏదో ఆటలో ప్రకటన చూసి వేసుకున్న "ఫోన్ క్లీనర్"లు మాత్రం తలా రెండున్నాయి.

బాబాయి ఖాతాలోంచి ఆ సాయంత్రం మూడు విడతలుగా నలభై ఎనిమిది వేలు వెళ్లిపోయాయి. ఇలాంటప్పుడు ముందు ఫోన్లో నెట్ ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకూ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ చెప్పాలి. ఎంత త్వరగా చెబితే, డబ్బు చేతులు మారకుండా ఆపడానికి అంత వీలుంటుంది. బాబాయి ఫోన్ వేడెక్కిందని దాన్ని ఫ్యాన్ కింద పెట్టారు. తర్వాత పెద్ద బావకు చెప్పారు, ఆ తర్వాత సిద్ధాంతి గారికి చెప్పారు. ఏలిన్నాటి శని అని ఆయన వెంటనే తేల్చేశారు, ఓటీపీ కూడా అడగకుండా. 1930కి చెప్పింది మర్నాడు పదకొండు గంటలకు, టిఫిన్ అయ్యాక.

బాబాయి ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్ అయింది. మనిషి కూడా కొంత అయ్యారు. ఇప్పుడు పిన్ని పంపే గుడ్ మార్నింగ్ గులాబీ పువ్వును కూడా తెరవరు.

మొన్న శ్రావణంలో ఆయన చిన్ననాటి స్నేహితుడు కూతురి శుభలేఖ పంపారు. ఒట్టి పీడీఎఫ్, తెలిసిన నంబరే. నాలుగు రోజులు దాన్ని అలాగే చూస్తూ కూర్చుని, ఐదోనాడు నాకు పంపి ఫోన్ చేశారు. "ఒరేయ్, నాకు భయంగా ఉంది. నువ్వు ఓపెన్ చేసి చూసి చెప్పు."

చూశాను. ముహూర్తం క్రితం రోజు రాత్రే అయిపోయింది.