పాత బీబీఎస్ కోడ్‌ను మన బీటెక్ పిల్లల చేతికివ్వాలి

నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్ వచ్చిందంటే చాలామంది పిల్లలకు ప్రాజెక్టు అంటే అమీర్‌పేట బస్సెక్కడమే. డబ్బులు కడితే కోడ్, రిపోర్టు, పీపీటీ అన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో వస్తాయి. వైవాకు ముందు రాత్రి టెన్షన్ పడుతూ చదువుకుంటే సరిపోతుంది. తప్పంతా పిల్లల మీద వేయడం నాకు ఇష్టం లేదు. మనం ఇచ్చే పనే అలా ఉంది. లైబ్రరీ మేనేజ్‌మెంట్, హాస్టల్ మేనేజ్‌మెంట్ అంటూ ఇప్పటికే వెయ్యిసార్లు రాసినదాన్ని మళ్లీ మొదటి నుంచి రాయమంటున్నాం. రేపు ఉద్యోగంలో చేరాక వాళ్ల ముందుకు వచ్చేది ఎవరో, ఎప్పుడో రాసి వెళ్లిపోయిన కోడ్. దాన్ని చదవడం, చెడగొట్టకుండా మార్చడం నాలుగేళ్లలో మనం ఎక్కడా నేర్పడం లేదు.

అందుకే ఒక మాట గట్టిగా చెప్పదలుచుకున్నా. 1980లు, 90ల నాటి బులెటిన్ బోర్డ్ సిస్టమ్, అంటే బీబీఎస్, సోర్స్ కోడ్‌ను ఇప్పటి లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీదికి పోర్ట్ చేయడం, అంటే అక్కడ నడిచేలా మార్చడం, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా ఇవ్వాలి.

బీబీఎస్ అంటే ఈ తరానికి తెలియకపోవచ్చు. ఇంట్లో ఒక కంప్యూటర్, దానికి మోడెమ్, మోడెమ్‌కు ఫోన్ లైన్. బయటివాళ్లు ఫోన్ చేసి కనెక్టై సందేశాలు చదివేవాళ్లు, రాసేవాళ్లు, ఫైళ్లు దించుకునేవాళ్లు. 1978 జనవరిలో షికాగోలో మంచు తుఫాను వచ్చి జనం ఇళ్లకే పరిమితమైనప్పుడు వార్డ్ క్రిస్టెన్సన్, రాండీ సూస్ కలిసి మొదటిదాన్ని తయారు చేశారు. అది ఫిబ్రవరి 16న జనానికి అందుబాటులోకి వచ్చింది. 300 బాడ్ మోడెమ్ అది, అంటే చాలా నెమ్మది. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటిగా పడుతుంటే మనిషి ఆ వేగంతో చదువుకోగలడు. సూస్ 2019లో, క్రిస్టెన్సన్ 2024లో కన్నుమూశారు. ఆ తరం వెళ్లిపోతోంది. వాళ్ల కోడ్‌లో ఏ లైను ఎందుకు ఉందో అడిగి తెలుసుకోగలిగే మనుషులు తగ్గిపోతున్నారు.

మన జిల్లాలకు బీబీఎస్ చేరలేదు. అమెరికాలో లోకల్ కాల్‌కు ఎంతసేపు మాట్లాడినా అదే బిల్లు కాబట్టి అక్కడ అవి పెరిగాయి. ఇక్కడ ఫోన్ కనెక్షన్ కోసమే ఏళ్లు ఎదురుచూసే రోజులవి. దేవరకొండ నుంచి హైదరాబాద్‌కు మాట్లాడాలంటే ఎస్టీడీ బూత్‌లో మీటరు తిరుగుతుంటే గుండె కొట్టుకునేది. అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ సామాన్యులకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టిందే 1995 ఆగస్టు 15న. కాబట్టి బీబీఎస్‌తో మనకు పాత జ్ఞాపకాల బంధం ఏమీ లేదు. నేను దీన్ని అడుగుతున్నది ఆ కోడ్‌లో ఉన్న చదువు కోసం.

ఆ కోడ్ ఒక విద్యార్థి తలలో పట్టేంత పరిమాణంలో ఉంటుంది. అయినా అందులో అన్నీ ఉంటాయి: లాగిన్, యూజర్ల ఫైలు, సందేశాల నిల్వ, ఫైళ్ల బదిలీ, ఒకేసారి ఇద్దరు రాస్తే గొడవ రాకుండా తాళం వేయడం. చాలా బీబీఎస్‌లలో ఒక్కోదాన్ని ఒక్కో మనిషే ఒంటరిగా మొదలుపెట్టాడు. డబ్ల్యూడబ్ల్యూఐవీ అనే బీబీఎస్‌ను 1984లో వేన్ బెల్ అనే హైస్కూల్ కుర్రాడు మొదలుపెట్టాడు. అది మొదట బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంది, తర్వాత పాస్కల్‌లోకి, ఆ తర్వాత సీలోకి మారింది. దాని పాస్కల్ కోడ్ నుంచే టెలిగార్డ్, టెలిగార్డ్ నుంచి రెనిగేడ్ పుట్టాయి. ఇవాళ డబ్ల్యూడబ్ల్యూఐవీ ఓపెన్ సోర్స్‌గా, సీ ప్లస్ ప్లస్‌లో, లైనక్స్ మీదా విండోస్ మీదా నడుస్తోంది. విండోస్‌కు ముందు పీసీలను నడిపిన డాస్ కోసం పుట్టిన సింక్రోనెట్ అనే బీబీఎస్ కూడా అంతే. అంటే ఈ పని చేసి చూపించినవాళ్లు ఉన్నారు. వాళ్లు ఎక్కడ ఏం మార్చారో పిల్లలు పక్కన పెట్టుకుని చదువుకోవచ్చు.

ఇక అసలు పని. డాస్‌లో టర్బో సీ అనే కంపైలర్‌కు (కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాం) ఇంటీజర్, అంటే పూర్ణాంకం, 2 బైట్లు, ఇప్పుడు 4. లాంగ్ అనే పెద్ద పూర్ణాంకం అప్పుడు 4, 64 బిట్ లైనక్స్‌లో 8, 64 బిట్ విండోస్‌లో మాత్రం ఇప్పటికీ 4. ఒక క్యారెక్టర్, దాని వెనక ఒక ఇంటీజర్ ఉన్న రికార్డు టర్బో సీలో 3 బైట్లు. అదే డిక్లరేషన్‌ను ఇప్పటి కంపైలర్ జీసీసీతో కంపైల్ చేస్తే మధ్యలో ఖాళీ బైట్లు చేరి 8 అవుతుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ కూడా రాకపోవచ్చు. పాత యూజర్ల ఫైలు తెరిస్తే మొదటి యూజర్ పేరు బాగానే కనిపిస్తుంది, రెండో యూజర్ పేరు రావాల్సిన చోట ఏ ఫోన్ నంబరు ముక్కో తేలుతుంది. కంపైల్ అయినంత మాత్రాన ప్రోగ్రాం సరైనది కాదని క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. ఇది ఒక్కసారి చూస్తే జీవితాంతం గుర్తుంటుంది.

మోడెమ్ సంగతి ఇంకా లోతైనది. పాత కోడ్ నేరుగా సీరియల్ పోర్టుతో మాట్లాడుతుంది, ఫోన్ పెట్టేశారా లేదా అని క్యారియర్ సిగ్నల్, అంటే లైను ఇంకా కలిసే ఉందని మోడెమ్ ఇచ్చే సంకేతం, చూస్తుంది. ఇప్పుడు ఆ చోట నెట్‌వర్క్ సాకెట్, అంటే నెట్ కనెక్షన్ కొస, వస్తుంది. అవతలివాడు వెళ్లిపోయాడని సాకెట్ చెప్పే పద్ధతి వేరు. దాన్ని పట్టుకోకపోతే వెళ్లిపోయిన యూజర్ కోసం ప్రోగ్రాం అలాగే ఎదురుచూస్తూ ఉండిపోతుంది. నెట్ మీదుగా బీబీఎస్‌కు కనెక్టయ్యే టెల్నెట్ పద్ధతిలో 255 అనే బైటుకు ప్రత్యేక అర్థం ఉంది. ఆ బైటు డేటాలో ఉంటే రెండుసార్లు పంపాలి. ఈ విషయం తెలియని పోర్టులో సందేశాలన్నీ చక్కగా వెళ్తాయి, ఫైళ్లు మాత్రం పాడై చేరతాయి. మామూలు టెక్స్ట్‌లో 255 రాదు, జిప్ ఫైల్లో వస్తుంది కాబట్టి. ఇలాంటి తప్పు వెతికి పట్టుకున్న పిల్లవాడికి నెట్‌వర్క్ పాఠం వేరే చెప్పక్కర్లేదు.

టర్బో పాస్కల్‌లో, దాని క్రట్ (Crt) యూనిట్ వాడి రాసినవాటికి మరో జబ్బు ఉంది. ప్రోగ్రాం మొదలవగానే ప్రాసెసర్ వేగం కొలుస్తుంది. 200 మెగాహెర్ట్జ్ దాటిన పెంటియంల మీద ఆ లెక్క 16 బిట్లలో పట్టక, రన్‌టైమ్ ఎర్రర్ 200 అని చెప్పి ఆగిపోయేది. యంత్రం వేగంగా ఉన్నందుకే చచ్చిపోయిన ప్రోగ్రాములవి. తేదీలకూ ఇలాంటి గడువే ఉంది. 1970 నుంచి లెక్కించే సెకన్లను సైన్డ్ 32 బిట్ల గడిలో దాచుకున్న కోడ్‌కు 2038 జనవరి 19 ఉదయం 8:44కు, మన టైం ప్రకారం, లెక్క తప్పుతుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యం తెలుగు. ఆ రోజుల్లో ఐబీఎం పీసీ దగ్గర 256 గుర్తులే ఉండేవి. ఒక అక్షరం అంటే ఒక బైటు, తెర మీద ఒక గడి. కోడ్ మొత్తం ఈ నమ్మకం మీద నిలబడింది. అక్షరాలను బైట్లుగా దాచే ఇప్పటి పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు ఒక్కోదానికి 3 బైట్లు. యూజర్ ఊరి పేరుకు 30 బైట్ల చోటుందనుకుందాం. నల్లగొండకు 24 బైట్లు చాలు, పడుతుంది. మహబూబ్‌నగర్‌కు 33 కావాలి, ఎందుకంటే బ్ కింద న వత్తు పడకుండా ఆపే కనిపించని గుర్తు కూడా 3 బైట్లు తింటుంది. 30 దగ్గర కోస్తే చివరి పొల్లు ఎగిరిపోయి ‘మహబూబ్‌నగర’ అవుతుంది. గడి 32 బైట్లైతే ఇంకా ఘోరం, పొల్లులో రెండు బైట్లు మిగిలి చివర చెత్త గుర్తు కనిపిస్తుంది. షికాగో కుర్రాడికి ఈ సమస్య ఎప్పటికీ తట్టదు. మన పిల్లలు తమ ఊరి పేరు టైప్ చేసిన మొదటి నిమిషంలోనే పట్టుకుంటారు. ఈ పని మన దగ్గర జరగాలనడానికి నాకు ఇంతకన్నా బలమైన కారణం లేదు.

ఇంత కష్టం ఎందుకు, చూసి పైథాన్‌లో కొత్తగా రాసేయొచ్చు కదా అని అడుగుతారు. కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయం శ్రీశైలం ప్రాజెక్టు ముంపులోకి వస్తుందని తేలినప్పుడు, దాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. అదే నమూనాలో సిమెంటుతో కొత్త గుడి కడితే పని తేలికే, కానీ బాదామి చాళుక్యుల నాటి శిల్పి ఉలి దెబ్బ అందులో ఉండదు. పోర్టింగ్‌లో కూడా పాత ఫైలు పాత పద్ధతిలోనే తెరుచుకోవాలి, పాత మెనూలు అదే వరసలో రావాలి. కొత్త స్థలం కోసం పునాది మాత్రమే మారాలి. డాస్‌బాక్స్ లాంటి ఎమ్యులేటర్‌లో, అంటే పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాంలో, నడపడం కూడా మంచిదే, అసలు ప్రోగ్రాం ఎలా ప్రవర్తించేదో పోల్చి చూసుకోవడానికి అది కావాలి. అయితే అక్కడే ఆగితే కోడ్ చదవాల్సిన అవసరం రాదు. ఏఐ టూల్స్‌తో పాస్కల్‌ను సీలోకి మార్చుకున్నా నాకు అభ్యంతరం లేదు, మారిన కోడ్ పాత యూజర్ల ఫైలును చదివి చూపిస్తే చాలు.

ఈ నేర్పు ఊరికే పోదు. మన డీటీపీ షాపుల్లో యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టిన పుస్తకాలు, కరపత్రాలు ఉన్నాయి. వేరే కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. డాస్ కాలంలో ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్‌లో రాయించుకున్న లెక్కల సంగతీ అంతే. వీటిని యూనికోడ్‌లోకి, కొత్త డేటాబేస్‌లలోకి తేవాలంటే కావాల్సింది సరిగ్గా ఈ ఓపికే, ఈ చూపే.

లైసెన్సు విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. సోర్స్ ఎక్కడో దొరికింది కదా అని తీసుకోకూడదు. ఓపెన్ సోర్స్‌గా విడుదలైనవే ఇవ్వాలి. 2002లో జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద వచ్చిన మ్యాక్సిమస్ ఉంది, డబ్ల్యూడబ్ల్యూఐవీ ఉంది, సింక్రోనెట్ ఉంది. నలుగురి బ్యాచ్‌లో ఒక్కొక్కరికి ఒక్క ముక్క చాలు, ఒకరికి సీరియల్ భాగం, ఒకరికి ఫైళ్లు, ఒకరికి తెర, ఒకరికి తెలుగు. మార్కులు రిపోర్టు మందాన్ని బట్టి కాకుండా, పాత డేటా ఫైలును కొత్త యంత్రంలో తెరిచి, మార్చి, తిరిగి డాస్‌బాక్స్‌లో తెరిచినప్పుడు చెక్కుచెదరకుండా ఉందా అన్నదాన్ని బట్టి వేయాలి. మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ, వాటి చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల కంప్యూటర్ సైన్స్ విభాగాలు వచ్చే బ్యాచ్‌కు ప్రాజెక్టు టైటిళ్లు ఖరారు చేసేలోపు కనీసం ఒక్కో కాలేజీలో ఒక్క బ్యాచ్‌కైనా ఈ పని అప్పగించాలని అడుగుతున్నాను.