‘డిస్క్ జారింది’ అన్న మాటతో మొదలయ్యే జబ్బు

మా పిన్ని ట్రంకు పెట్టెలో పొలం పాసుపుస్తకం పక్కనే ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో ఉన్నవి ఆమె నడుము ఎంఆర్‌ఐ ఫిల్ములు. ఇంటికి ఎవరొచ్చినా ఆ కవరు బయటికొస్తుంది. ఫిల్మును ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుని, కింది వైపు రెండు ఎముకల మధ్య వేలు పెట్టి ‘ఇదిగో, ఇక్కడే జారింది’ అంటుంది. ఇంగ్లీషు చదవడం రాదు కానీ నడుములో నాలుగు, ఐదో వెన్నుపూసల పేరైన ‘ఎల్4-ఎల్5’ మాత్రం కంఠతా వచ్చు.

మూడేళ్ల కిందట నాట్లప్పుడు ఆమెకు నడుం పట్టేసింది. వారం తిరక్కుండానే పట్నం తీసుకెళ్లి స్కాన్ తీయించారు. నెలన్నరకు నొప్పి తగ్గింది. భయం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు. బిందె ఎత్తదు, వంగి ముగ్గు వేయదు, ఆటో ఎక్కాలంటే నడుముకు బెల్టు ఉండాల్సిందే. వయసు 52 ఏళ్లే. ఆమెను కూలదోసింది వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ కన్నా, ఆ రోజు విన్న ‘డిస్క్ జారింది’ అన్న మాటేనని నా నమ్మకం.

నడుం నొప్పి అరుదైన జబ్బేమీ కాదు. 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 61.9 కోట్ల మంది దీంతో బాధపడుతున్నారని అంచనా. వీటిలో అత్యధిక శాతం కేసుల్లో ఫలానా ఎముక, ఫలానా నరం అని వేలెత్తి చూపగల కారణం దొరకదు. చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే నెమ్మదిస్తుంది. అప్పుడప్పుడు తిరగబెడుతుంది కూడా. మరి స్కాన్‌లో కనిపించే ఆ బల్జ్‌లు (డిస్క్ ఉబ్బులు), అరుగుదలలు ఏమిటి?

1994లో అమెరికాలో నడుం నొప్పి అసలే లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీశారు. వారిలో సగానికి పైగా, 52 శాతం మందికి కనీసం ఒక చోట డిస్క్ ఉబ్బి ఉంది. డిస్క్‌లన్నీ శుభ్రంగా ఉన్నవాళ్లు 36 శాతమే. ఇలాంటి పరిశోధనలన్నిటినీ 2015లో ఒక చోట చేర్చి చూస్తే లెక్క ఇంకా స్పష్టంగా తేలింది. ఏ నొప్పీ లేని 20 ఏళ్ల వాళ్లలోనే 30 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంటుంది, 80 ఏళ్ల వాళ్లలో అది 84 శాతం. తల నెరిసినట్టే డిస్కూ నెరుస్తుందన్నమాట. తెల్ల వెంట్రుక కనబడిందని ఎవరూ మంచం ఎక్కరు కదా!

అసలు ‘జారడం’ అనే మాటలోనే తిరకాసు ఉంది. డిస్క్ సబ్బు బిళ్లలా జారిపోయేది కాదు. పైన, కింద ఎముకలకు గట్టిగా అతుక్కుని ఉంటుంది. దాని అంచు ఉబ్బవచ్చు, లేదా చిట్లి లోపలి మెత్తటి పదార్థం బయటికి రావచ్చు. అది నరాన్ని రేపితే కాలు పొడవునా గుంజుతుంది, తిమ్మిరెక్కుతుంది. అదే సయాటికా. అలా బయటికొచ్చిన ముక్కను కూడా చాలామందిలో ఒళ్లే నెమ్మదిగా కరిగించేసుకుంటుంది. ఈ సంగతి రిపోర్టులో ఉండదు.

మోకాలి ‘గుజ్జు’దీ ఇదే తంతు. కీలులో ఎముక చివర్లకు నున్నటి పొరలా ఉండే మృదులాస్థికి మనం పెట్టుకున్న పేరు అది. గుజ్జు అనగానే డబ్బాలో పేస్టు అయిపోయినట్టు, మళ్లీ నింపుకోవచ్చన్నట్టు అనిపిస్తుంది. ‘గుజ్జు పెంచే’ పొడుల వ్యాపారమంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తోంది. మరోపక్క, ఉన్నది కాస్తా అరిగిపోతుందేమోనని నడక మానేస్తారు. తొడ కండరాలు సన్నబడతాయి, బరువు పెరుగుతుంది, మోకాలు ఇంకా మొరాయిస్తుంది.

ఇక బెడ్ రెస్ట్. 1995లో హెల్సింకీ నగరపాలక ఉద్యోగులు 186 మందిని, కొత్తగా నడుం పట్టేసినవాళ్లని, మూడు గుంపులు చేశారు. ఒకరికి రెండు రోజుల పడక, ఒకరికి వ్యాయామాలు. మూడో గుంపుకు మాత్రం నొప్పి ఓర్చుకోగలిగినంత మేర రోజువారీ పనులు చేసుకోమని చెప్పారు. అందరికన్నా త్వరగా కోలుకున్నది ఆ మూడో గుంపే. పడుకున్నవాళ్లు అన్నిటికన్నా వెనకబడ్డారు.

హెల్సింకీ ఉద్యోగి రోజువారీ పని వేరు, మా పిన్ని పని వేరు అనే వాదన ఉంది. నిజమే. మోకాళ్ల లోతు బురదలో పొద్దుటి నుంచి వంగి, వెనక్కి అడుగులేస్తూ నారు గుచ్చే మనిషికి ‘పని మానొద్దు’ అని చెప్పేస్తే సరిపోదు. ‘వంగొద్దు’ అని చీటీ రాసివ్వడం ఇంకా అన్యాయం. వంగకుండా నాట్లు ఎలా వేస్తుంది? ఆమెకు కావాల్సింది కొన్నాళ్లు తేలిక పని, ఆపైన మెల్లగా బలం పుంజుకునే దారి. ఆ దారి చూపించాల్సిన ఫిజియోథెరపిస్ట్ మండలంలోని పీహెచ్‌సీలో కనిపించడం అరుదు. ఊళ్లో దొరికేది ఆర్‌ఎంపీ వేసే నొప్పి సూది. నెలల తరబడి నొప్పి బిళ్లలు మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీల దెబ్బ.

డాక్టర్లనే నిందించడం సులువు. కానీ స్కాన్ రాయకుండా ‘నడువమ్మా, తగ్గుతుంది’ అని పంపిస్తే మనమే ఇంకో డాక్టర్ దగ్గరికి పోతాం. పైగా డబ్బులు వచ్చే తోవ కూడా అలాగే ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్ల ఖర్చు నుంచి పేదల్ని కాపాడింది, కాదనను. మోకాలి ఇంప్లాంట్ల ధరలకు 2017లో కేంద్రం పరిమితి పెట్టింది, సాధారణ రకానికి 54,720 రూపాయలని, అదీ మంచి పనే. కానీ ఆపరేషన్ దాకా పోకుండా ఆపే ఆరు వారాల వ్యాయామానికి ఎవరు కడతారు? బీమా పాలసీలు కూడా ఎక్కువగా అడ్మిట్ అయితేనే పలుకుతాయి.

స్కాన్ తప్పనిసరి అయ్యే సందర్భాలు లేకపోలేదు. మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, పాదం లేవక వేలాడినా ఆ రోజే పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్లు, ఎక్కడి నుంచైనా పడ్డవాళ్లు ఆలస్యం చేయకూడదు. మన దేశంలో ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి, వెన్నెముక టీబీ. సాయంత్రాలు జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు కూడా వదలని నొప్పి ఉంటే ‘నడుం నొప్పే కదా’ అని వదిలేయకూడదు. మొదట్లోనే పట్టుకుంటే మందులతో నయమవుతుంది, వదిలేస్తే కాళ్లు పడిపోవచ్చు. మిగతావాళ్లకు మొదటి ఆరు వారాల్లో స్కాన్‌తో ఒరిగేది పెద్దగా ఏమీ లేదని వైద్య మార్గదర్శకాలు ఏళ్లుగా చెబుతున్నాయి.

పోయిన సంక్రాంతికి ఇదంతా పిన్నికి ఓపిగ్గా చెప్పాను. అంతా విని, ఫిల్మును కవర్లో పెట్టేస్తూ, ‘అయితే అది కరిగిపోయే ఉంటుందంటావా? మరి మళ్లీ స్కాన్ తీయిస్తే తెలుస్తుంది కదా’ అంది.