ఎయిర్‌పోర్టు దగ్గరే, విమానమే దూరం

ఇంటికి అరగంట దూరంలో ఎయిర్‌పోర్టు ఉన్నా, విమానం ఎక్కడానికి నాలుగు గంటలు రోడ్డు మీద పడి పెద్ద నగరానికి పోవాల్సి వస్తుంటే ఒళ్లు మండిపోతోంది. ఉన్న ఒక్క సర్వీసూ రద్దయిందని ముందురోజు రాత్రి మెసేజ్ వచ్చింది. తెల్లారితే ప్రయాణం, వెంట పెద్దవాళ్లు. ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుస్తుంది.

అడిగితే ప్రయాణికులు లేరంటారు. రోజుకు ఒక్క విమానం, అదీ ఎవరికీ కుదరని వేళకి పెడితే ఎవరెక్కుతారు? జనం లేరని సర్వీసులు తీసేస్తారు, సర్వీసులు లేవని జనం పెద్ద ఎయిర్‌పోర్టుకు పోతారు. ఖర్చు మాత్రం తగ్గదు. రెండు విమానాలు దిగినా ఇరవై దిగినా రన్‌వే బాగుండాలి, ఫైరింజన్ సిద్ధంగా ఉండాలి, తనిఖీ సిబ్బంది ఉండాలి. పెద్ద చోట ఆ ఖర్చంతా లక్షలమంది మీద పంచుకుపోతుంది, పైగా దుకాణాల అద్దెలూ పార్కింగ్ డబ్బులూ వస్తాయి. సుమారు 180 సీట్ల ఎయిర్‌బస్ ఏ320 నింపడానికి అక్కడ పది ఊళ్ల నుంచి వచ్చి విమానం మారేవాళ్లు ఉంటారు. ఇక్కడ ఎవరున్నారు, మేమే కదా!

అమెరికాలో 1978లో విమాన సర్వీసులపై నియంత్రణ ఎత్తేసినప్పుడే, చిన్న ఊళ్లకు విమానాలు ఆగిపోతాయని భయపడి ప్రభుత్వ సాయంతో సర్వీసులు నడిపే పథకం పెట్టారు. అంటే ఇది ఎవరూ ఊహించని సమస్య కాదు.

పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఏడాదిపాటు రద్దు చేయకుండా వేళకి నడపండి. ఆ తర్వాత చెప్పండి, జనం లేరని.