సైటోస్కెలిటన్ గారూ, కాస్త కుదురుగా ఉండరాదా?

కణానికి ఆకారమూ కదలికా ఇచ్చే ప్రొటీన్ పోగుల చట్రం, మహారాజశ్రీ క్యాన్సర్ కణం వారి సైటోస్కెలిటన్ గారికి,

నమస్కరించి రాయునది. మధ్యాహ్నమంతా మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి మీరు చేసిన మర్యాదకు కృతజ్ఞతలు.

కణాల చుట్టూ ఉండే కొలాజెన్ పోగుల్ని కోసి దారి చేసుకునే ఎంజైములన్నిటినీ మందు పోసి ఆపాం. మీరేం చేశారు? ముందుకు చాచిన పొడుగు కాళ్లు లాక్కుని, గుండ్రంగా ముడుచుకుని, ఒళ్లంతా బుడగలు ఉబ్బించుకుంటూ పోగుల సందుల్లోంచి జారుకున్నారు. ఈ వేషం 2003 నుంచే పేపర్లలో ఉంది, తెలుసు. అయినా కళ్లారా చూస్తే ఒళ్లు మండుతుందండీ.

మీలోని ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగు మందం 7 నానోమీటర్లు. ఆర్ప్2/3 అనే ప్రొటీన్ల గుంపు దాని పక్కన సుమారు 70 డిగ్రీల కోణంలో కొత్త కొమ్మ వేస్తుంది, పాతబడిన పోగుల్ని కోఫిలిన్ అనే ప్రొటీన్ తెగ్గొడుతుంది, ఊడిన ముక్కలే మళ్లీ ముందు కొసకు వెళ్లి అతుక్కుంటాయి. ఆ తోపుడుకే కణం పొర ముందుకు సాగుతుంది. సరే, ఆ పద్ధతి సాగకపోతే ఊరుకోవచ్చుగా? ఊరుకోరు. ఆక్టిన్ పోగుల్ని లాగే మోటారు ప్రొటీన్ మయోసిన్‌ను పిలిచి కణాన్ని పిండిస్తారు. ఆ ఒత్తిడికి పొర పట్టు వదిలి బుడగ లేస్తుంది. ఒక తలుపు మూస్తే రెండో తలుపు!

కెరటిన్ పోగులు వదిలేసి, పాకే కణాలు కట్టుకునే విమెంటిన్ పోగులు కట్టుకోవడం గురించి ఇప్పుడు మాట్లాడను. చేతికి గడ్డ గట్టిగా తగులుతుంటే లోపలి కణాలు మామూలు వాటికంటే మెత్తగా ఉండటం ఏం న్యాయమో కూడా అడగను. మీలోని సన్నని గొట్టాలు, మైక్రోట్యూబ్యూల్స్‌ను పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందుతో బిగిస్తే కణం రెండుగా చీలలేదు, నిజమే. కానీ నరాల్లోనూ అవే ఉన్నాయి కాబట్టి రోగి కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతాయి.

ఇక మర్యాద చాలు. నీ ఆక్టిన్ పోగుల్ని మొత్తంగా కూల్చే మందులు లేవనుకున్నావా? లాట్రంక్యులిన్ సీసా ఫ్రీజర్‌లోనే ఉంది. డిష్‌లో పోస్తే నిమిషాల్లో కుప్పకూలుతావు. మనిషికి ఎక్కించలేకే ఆగాం. గుండె కొట్టుకునేదీ నీ ఆక్టిన్ మీదే, గాయం పూడ్చడానికి కణాలు పాకేదీ నీ వల్లే, క్రిమి వెంట తెల్లకణం పరిగెత్తేదీ నీ కాళ్లతోనే. మంచివాళ్ల ఇంట్లో అద్దెకుండి దొంగకు నిచ్చెన వేస్తావు, సిగ్గులేదూ?

నీకు తేలిగ్గా లొంగనిది కణం కేంద్రకం, అంటే న్యూక్లియస్ ఒక్కటే. పోగుల మధ్య రంధ్రం మరీ ఇరుకైతే అది పట్టక నీ పరుగు అక్కడే ఆగుతుంది. అది చూసినప్పుడల్లా నాకు పండగే.

ఈసారి ఎంజైముల మందుతో పాటు మయోసిన్ పిండుడును నడిపే రాక్ అనే ఎంజైమును ఆపే మందు, రాక్ ఇన్హిబిటర్ కూడా కలుపుతున్నాను. మూడో దారేదైనా దాచుకుని ఉంటే ఇప్పుడే చెప్పెయ్, మైక్రోస్కోపు బుకింగ్ అయినా మిగులుతుంది.

ఇట్లు,
నీ టైమ్‌ల్యాప్స్ బాధితుడు