మద్రాసులో కొన్నా, దుబాయ్‌లో కొన్నా: చివరికి మిగిలేదెంత?

తిరుపతిలో ఎవరైనా టీవీయో ఫోనో కొనబోతున్నారని తెలిస్తే చాలు, పక్కనుంచి ఒక సలహా వస్తుంది. ‘ఇక్కడెందుకప్పా, మెడ్రాస్ పోయి తెచ్చుకో, చీప్‌గా వస్తుంది.’ చిత్తూరు, పలమనేరు వైపైతే బెంగళూరు పేరు చెబుతారు. ఇంట్లో ఒకరు గల్ఫ్‌లో ఉంటే సలహా దుబాయ్ దాకా పోతుంది. మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉన్నవాళ్లం కాబట్టి సరిహద్దు దాటి కొనడం మనకు కొత్త కాదు, వింత అంతకన్నా కాదు.

ఈ నమ్మకం ఒకప్పుడు నిజమే. ఇప్పుడు మాత్రం సరిహద్దు అవతల కనిపించే చౌకలో పెద్ద భాగం, కొన్నవాళ్లో అమ్మినవాళ్లో కట్టకుండా వదిలేసిన పన్నే. ఆ పన్ను కట్టేస్తే మిగిలేది చాలా తక్కువ. కొన్నిసార్లు ఎదురు ఖర్చే.

ముందు దగ్గరి సరిహద్దు సంగతి చూద్దాం. 2017 జులై 1న జీఎస్టీ వచ్చేదాకా ఏ రాష్ట్రం వ్యాట్ (అమ్మకం మీద పన్ను) ఆ రాష్ట్రానిదే. ఒకే వస్తువుకు ఇక్కడో రేటు, అక్కడో రేటు. నరహరిపేట దగ్గర, తడ దగ్గర వాణిజ్య పన్నుల చెక్‌పోస్టుల్లో లారీలు బారులు తీరేవి. అంతకు ముందు తరానికైతే బర్మా బజార్ ఉండేది. బర్మా నుంచి తిరిగొచ్చిన తమిళ కుటుంబాల బతుకుదెరువు కోసం 1969లో చెన్నై బీచ్ స్టేషన్ పక్కన పెట్టిన ఆ బజారులో, దిగుమతులకు తలుపులు మూసి ఉన్న రోజుల్లో కూడా జపాన్ టేప్‌రికార్డర్ దొరికేది. మనూళ్లో డబ్బు పెట్టినా దొరకని వస్తువు అక్కడ దొరికేది కనుక ధర సంగతి రెండోదే. మద్రాసు పోయి తెచ్చుకోవడమనే అలవాటు ఆ రోజుల్లో పడింది. కారణం పోయినా అలవాటు పోలేదు.

కారణం ఎలా పోయిందంటే, ఇప్పుడు తిరుపతి గాంధీ రోడ్డులో ఫోన్ కొన్నా, వేలూరులో కొన్నా, కోలారులో కొన్నా జీఎస్టీ 18 శాతమే. మొబైల్ ఫోన్లపై మొదట 12 శాతం ఉండేది, 2020 ఏప్రిల్ 1 నుంచి 18 అయింది. 32 అంగుళాలు దాటిన టీవీలు, ఏసీలు 28 శాతంలో ఉండేవి, వాటినీ 2025 సెప్టెంబరు 22న 18కి దించారు. పన్ను ఒకటే, ఎమ్మార్పీ ఒకటే, బ్యాంకు కార్డు రాయితీ ఒకటే. చాలా చోట్ల షాపు కూడా ఒకే కంపెనీ గొలుసు షాపే. ఇద్దరు బస్సులో మాధవరం దాకా పోయి, అక్కడినుంచి ఆటోలు మారి, భోంచేసి తిరిగొస్తే వెయ్యి రూపాయలు దాటుతుంది. రెండువేలు తగ్గించాడని సంబరపడే ముందు ఇది తీసేయాలి. పైగా టీవీ డబ్బాను ఒళ్లో పెట్టుకుని పుత్తూరు దాకా కూర్చోవడం ఎంత సుఖమో కూర్చున్నవాళ్లకే తెలుసు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. షావోమీ టీవీలను తిరుపతిలోని డిక్సన్ ఫ్యాక్టరీలో తయారు చేయిస్తామని ఆ కంపెనీ 2018లోనే ప్రకటించింది. వికృతమాల దగ్గర టీసీఎల్ డిస్‌ప్లే ప్యానెళ్లు చేస్తోంది. శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ ఏసీలు చేస్తున్నాయి. అక్కడే ఎల్‌జీ ఫ్యాక్టరీకి 2025 మే 8న శంకుస్థాపన జరిగింది. మన జిల్లాలో తయారైన సరుకు లారీ ఎక్కి చెన్నై గోడౌన్‌కు పోతే, మనం బస్సెక్కి దాని వెనకే పోయి తెచ్చుకుంటున్నామన్నమాట. అలాగని మనకు తగ్గింపు వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. శ్రీసిటీలో చేసిన ఏసీకి సత్యవేడులో ఒక్క రూపాయి తగ్గదు. ఫ్యాక్టరీ ఎక్కడున్నా ధర నిర్ణయించేది కంపెనీ, పన్ను పడేది వాడుకునే చోట.

మరి ఎలక్ట్రానిక్స్ బజార్లయిన చెన్నై రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరు ఎస్పీ రోడ్డులో నిజంగానే తక్కువకు ఇచ్చారని చెప్పేవాళ్ల మాటేమిటి? వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ‘బిల్లు కావాలా, వద్దా’ అన్న ప్రశ్నలోనే ఆ తగ్గింపు ఉంటుంది. బిల్లు వద్దంటే 18 శాతంలో కొంత మీకు, కొంత అతనికి. ఆ తర్వాత ల్యాప్‌టాప్ మూడో నెలలో ఆగిపోతే సర్వీస్ సెంటర్‌లో మొదట అడిగేది బిల్లే. వినియోగదారుల కమిషన్‌కు పోవాలన్నా ముందుగా చూపించాల్సింది అదే. తిలక్ రోడ్డు షాపువాడి దగ్గర గొడవ పెట్టుకోవచ్చు, రేపు మళ్లీ పోయి అడగొచ్చు. రిచీ స్ట్రీట్‌లో మనకు అమ్మిన కుర్రాడు ఏ షాపువాడో గుర్తుపట్టడమే కష్టం.

వ్యాపారం చేసేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. తిరుపతిలో లాడ్జీలు, హోటళ్లు ఎక్కువ. సీసీ కెమెరాలు, కంప్యూటర్లు, ప్రింటర్లు మొత్తంగా చెన్నైలో కొని తెచ్చుకునే యజమానులు చాలామంది. బిల్లు మీద సీజీఎస్టీ (కేంద్రం వాటా), తమిళనాడు ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) అని రెండు ముక్కలుగా వేసి ఇస్తే, ఆంధ్రలో రిజిస్టరైన వ్యాపారికి ఆ ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును తను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు, రాదు. అక్కడ మిగిల్చామనుకున్న దానికన్నా ఇక్కడ పోయేదే ఎక్కువ. మన జీఎస్టీ నంబరు, చిరునామా ఇచ్చి ఐజీఎస్టీతో (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు పడే జీఎస్టీ) బిల్లు రాయించుకోవాలి. మామూలు కొనుగోలుదారుకు కూడా 2023 అక్టోబరు 1 నుంచి ఒక మార్పు ఉంది. బిల్లు మీద అతని చిరునామాగా ఆంధ్రప్రదేశ్ అని రాస్తే అమ్మకం ఆంధ్ర కింద లెక్క, రాష్ట్రం వాటా మనకు వస్తుంది. రాయకపోతే తమిళనాడుకు పోతుంది. కట్టే మొత్తం ఒకటే కాబట్టి దీన్నెవరూ పట్టించుకోరు. రోడ్లు బాగాలేవని తిట్టుకునే మనం ఆ ఒక్క పదం రాయించుకుంటే పోయేదేమీ లేదు.

ఇక దూరపు సరిహద్దు. పీలేరు, మదనపల్లె, రాయచోటి వైపు నుంచి కువైట్‌లో, దుబాయ్‌లో పనిచేసేవాళ్లు సెలవుకు వస్తున్నారంటే బంధువుల నుంచి ఫోన్ల చిట్టా ముందే పోతుంది. ఇక్కడ ధరలో తేడా నిజంగానే ఉంది. ఎంతో చూడ్డానికి ఐఫోన్ 17 ప్రో తీసుకుందాం. 2025 సెప్టెంబరులో విడుదలైనప్పుడు ఇక్కడ దాని ధర 1,34,900 రూపాయలు, దుబాయ్‌లో 4,699 దిర్హమ్‌లు. అప్పటి రేటు దిర్హమ్‌కు 24 రూపాయల చొప్పున వేసుకుంటే 1,12,776. అంటే 22 వేల తేడా. ఈ 22 వేలు ఎక్కడినుంచి వచ్చాయి? మన ధరలో జీఎస్టీ 20,500 పైచిలుకు ఉంది. దుబాయ్ ధరలో 5 శాతం వ్యాట్ 5,400 లోపే. తేడాలో 15 వేలు ఒట్టి పన్నే, మిగతా ఏడు వేలు కంపెనీ పెట్టుకున్న ధర.

ఆ పన్నును మన కస్టమ్స్ వదిలిపెడుతుందా? 2016 బ్యాగేజీ నిబంధనల ప్రకారం విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడికి 50 వేల రూపాయల సరుకు దాకా సుంకం ఉండేది కాదు. అది దాటిన విలువపై 35 శాతం సుంకం, దాని మీద సర్‌ఛార్జి కలిపి 38.5 శాతం. ఆ లెక్కన మన ప్రో ఫోన్‌కు 24 వేల పైచిలుకు సుంకం పడేది. మొత్తం 1,36,945. తిరుపతిలో కొన్నదానికన్నా రెండు వేలు ఎక్కువ! 2026 ఫిబ్రవరిలో ఆ పరిమితిని 75 వేలకు పెంచారు. అవే ధరలు, అదే 38.5 శాతం రేటుతో లెక్క వేస్తే సుంకం 14,544, మొత్తం 1,27,320. ఏడున్నర వేలు మిగులుతుంది. ఒక్క నిబంధన మారితే నష్టం లాభమైంది.

ఆ ఏడున్నర వేలూ చేతికి వస్తాయా అంటే, దానికీ కోతలున్నాయి. ఇక్కడి కార్డుతో అక్కడ గీకితే బ్యాంకు సాధారణంగా 2 నుంచి 3.5 శాతం వరకు మార్పిడి రుసుము వేస్తుంది, అది నాలుగు వేల దాకా పోతుంది. దిర్హమ్‌ను డాలరుకు కట్టేసి ఉంచారు కాబట్టి రూపాయి పడినప్పుడల్లా దుబాయ్ ధర పెరిగినట్టే. 2025 డిసెంబరులో డాలరు 90 దాటింది, దిర్హమ్ 24.50కి చేరింది, అదే ఫోన్ మీద ఇంకో 2,350 రూపాయలు పడ్డాయి. ఇక్కడే కొంటే వడ్డీలేని వాయిదాలు, పాత ఫోన్ మార్పిడి ఉంటాయి. ఇక్కడి కార్డుతో అక్కడ అవి దొరకడం కష్టం. ప్రో కాకుండా మామూలు ఐఫోన్ 17 అయితే లెక్క వేయడమే దండగ. విడుదలైనప్పుడు ఇక్కడ 82,900, అక్కడ 3,399 దిర్హమ్‌లు, అంటే సుమారు 81,600. సుంకం కలిపితే 84 వేలు దాటుతుంది.

దుబాయ్ వ్యాట్ తిరిగి వస్తుంది కదా అంటారు. పర్యాటకులకు వస్తుంది. కట్టిన వ్యాట్‌లో 85 శాతం, అందులోంచి 4.80 దిర్హమ్‌ల రుసుము పోగా ప్రో ఫోన్‌కు నాలుగున్నర వేల రూపాయలు దాకా. కానీ అక్కడే నివాసం ఉండి పనిచేసే మన రాయచోటి అన్నకు ఆ అవకాశం లేదు. వారం రోజులు ఊరు చూడ్డానికి పోయిన బావమరిదికి ఉంది. కువైట్‌లో వ్యాటే లేదు కనుక తిరిగి వచ్చేదీ లేదు.

చాలామంది అసలు సుంకమే కట్టరన్నది అందరికీ తెలిసిందే. డబ్బా పారేసి, ఫోన్ జేబులో పెట్టుకుని గ్రీన్ ఛానెల్‌లో (సుంకం కట్టాల్సిన సరుకు లేనివాళ్ల దారి) నడిచొచ్చేస్తారు. దొరకనంతసేపు 22 వేలూ లాభమే. దొరికితే సుంకంతో పాటు జరిమానా, ఒక్కోసారి సరుకే జప్తు. ఈ పని మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి నేను పోవడం లేదు. బంధువు చెప్పే ‘దుబాయ్‌లో చౌక’ అన్న మాటలో ఈ రిస్క్ ఖరీదు లేదని మాత్రం గుర్తుంచుకోవాలి. ఆ టెన్షన్ మోసేది ఫోన్ అడిగినవాడు కాదు, రెండేళ్ల తర్వాత పిల్లల్ని చూడ్డానికి వస్తూ చెన్నై విమానాశ్రయంలో లైన్లో నిలబడినవాడు. కుటుంబంలో నలుగురి పరిమితులు కలిపి ఒక్క ఖరీదైన వస్తువు తెచ్చుకోవడానికీ కుదరదు, ఎవరిది వారిదే. ఫ్లాట్ టీవీకైతే 2013 ఆగస్టు 26 నుంచి ఉచిత పరిమితి వర్తించదు. మొదటి రూపాయి నుంచీ సుంకమే. బ్యాంకాక్, దుబాయ్ నుంచి టీవీలు మోసుకొచ్చే రోజులు అక్కడితో అయిపోయాయి.

నిబంధనలు నిజంగా మన వైపున్న వస్తువు ఒకటుంది. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను ఆ 75 వేల పరిమితితో సంబంధం లేకుండా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అమెరికాలో చదివే పిల్లలున్న ఇళ్లలో దీన్ని బాగా వాడతారు. అయినా ముందు ధర చూసుకోవాలి. 2025లో వచ్చినప్పుడు ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్ అమెరికాలో 999 డాలర్లు. అక్కడ బోర్డు మీది ధరలో పన్ను ఉండదు, టెక్సాస్‌లో అది 8.25 శాతం దాకా పడుతుంది. డాలరు 87 లెక్కన 94 వేలు. ఇక్కడ అప్పుడు 99,900, విద్యార్థులకు 89,900. ఎస్వీ యూనివర్సిటీలో చదివే చెల్లెలి పేరు మీద ఇక్కడ కొనడమే చౌకయ్యేది. ఇక అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 2022లో వచ్చిన 14 సిరీస్ నుంచి సిమ్ పెట్టుకునే చోటే లేదు, అంతా ఇ-సిమ్. నాన్న ఫోన్ పాడైతే ఆ సిమ్ తీసి ఇందులో వేసుకునే వీలుండదు. చాలా బ్రాండ్ల వారంటీ కొన్న దేశానికే పరిమితమని కూడా కొనేముందు చాలామంది చూడరు.

ఇంత చెప్పి, సరిహద్దు దాటొద్దని నేను అనడం లేదు. సీలు విప్పని కొత్త సరుకు కోసం దాటొద్దంటున్నాను. విడి భాగాలు, రిపేర్లు వేరే సంగతి. పాత ల్యాప్‌టాప్‌కు హింజ్, ఆగిపోయిన మోడల్ టీవీకి పవర్ బోర్డు, యాంప్లిఫయర్‌కు ట్రాన్స్‌ఫార్మర్, ఇంజనీరింగ్ ప్రాజెక్టుకు నాలుగు రకాల సెన్సర్లు, రిలేలు కావాలంటే రిచీ స్ట్రీట్, ఎస్పీ రోడ్డులను మించినవి మనకు దగ్గర్లో లేవు. ఆన్‌లైన్‌లో దొరుకుతాయి కానీ పాత బోర్డు చేతిలో పట్టుకుని పోయి ‘ఇలాంటిదే కావాలి’ అని చూపించే సౌకర్యం అక్కడ లేదు. సర్వీస్ సెంటర్ బోర్డు మొత్తం మార్చాలని పది వేలు చెప్పిన చోట, అక్కడి మెకానిక్ ఒక్క ఐసీ మార్చి కొన్ని వందలకు వదిలిపెట్టడం మామూలే. ఆ తేడా పన్ను ఎగ్గొట్టడం వల్ల వచ్చేది కాదు, పనితనం వల్ల వచ్చేది. దానికోసం ఒక రోజు ఖర్చు పెట్టినా గిట్టుబాటే.

పాత ఫోన్ కొనాలనుకుంటే మాత్రం డబ్బు చేతులు మారకముందే *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) చూడండి. కేవైఎం అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కు మెసేజ్ పెడితే అది బ్లాక్ అయిందో లేదో తెలుస్తుంది. చూడనివ్వకపోతే ఆ షాపు వదిలేసి పక్క షాపుకు పోవచ్చు, రిచీ స్ట్రీట్‌లో షాపులకేం కరువు లేదు. పోయే రోజు చూసుకోండి. సెలవు కదా అని మన కాలేజీ పిల్లలు బయల్దేరే ఆదివారం నాడే అక్కడ చాలా షాపులు మూసి ఉంటాయి.