గెన్ మొహం ఏం చేసారండీ? రివెన్ రీమేక్ గారికి ఓ ఉత్తరం

1997 నాటి రివెన్ అనే కంప్యూటర్ పజిల్ గేమ్‌కి కొత్త అవతారమైన మహారాజశ్రీ రివెన్ రీమేక్ గారి దివ్య సముఖమునకు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. మా గ్రాఫిక్స్ కార్డ్ ఒక్కటే కాస్త నలతగా ఉంది, తమరు ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నించీ దాని ఫ్యాన్ మోతకి మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి వెళ్తోంది, ఏదైనా పేలుద్దేమోనని. తమరు క్షేమమేనని వేరే చెప్పక్కర్లేదు, రివ్యూలు చూసా, తిట్టినవాళ్లకంటే పొగిడినవాళ్లే చాలా ఎక్కువ.

ఆ పొగడ్తల్లో నా వాటా కూడా ముందే ఇచ్చేస్తా, తర్వాత మూడ్ ఉంటుందో ఉండదో. 1997లో స్టిల్ బొమ్మ మీద స్టిల్ బొమ్మ క్లిక్ చేసుకుంటూ తిరిగిన దీవులు అవి, ఇప్పుడు అవే దీవుల్లో తల ఎత్తి దించి ఎటు కావాలంటే అటు చూసుకుంటూ నడుస్తుంటే నిజంగా ఒళ్లు పులకరించింది. మ్యాగ్లెవ్ బండి ఎక్కి సముద్రం మీద దూసుకుపోయి అవతలి దీవిలో దిగితే "వేరే సీడీ పెట్టు" అని ఎవడూ అడగలేదు. అది తెలిసినవాళ్లకే తెలుస్తుంది. పాత రివెన్ 5 సీడీలు. ఆ దీవుల్ని ఏలే విలన్ గెన్‌కి 5 అంటే వెర్రి కదా, 5 దీవులు, 5 గుమ్మటాలు, గేమ్ కూడా 5 సీడీల్లోనే వచ్చింది, కావాలని చేసారో అలా కుదిరిందో గానీ మా పాత పెంటియం సీడీ ట్రే ప్రాణం పోయింది మాత్రం ఆ దీవుల మధ్య రాకపోకల్లోనే. వైటూకే పని మీద అమెరికా వెళ్లిన మా బావ మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు తెచ్చాడు ఆ సెట్టు, మిగతా అందరికీ సెంటు సీసాలు చాక్లెట్లు, నాకు ఇది.

సరే విషయానికొస్తా. నిన్న ఆదివారం భోజనాలయ్యాక కూర్చుంటే ఎట్టకేలకి గెన్ ఉండే ఏజ్‌కి (ఈ ఆటల్లో పుస్తకం ద్వారా వెళ్లే వేరే లోకాన్ని అలా అంటారు) చేరుకున్నా, ఏజ్ 233, మనం నిలబడే ఆ బోను, ఆ గుండ్రటి గది, అంతా సిద్ధం. మావాణ్ణి పిలిచా. ఇంటర్ సెకండియర్, ఫోన్లో తప్ప గేమ్ ఆడడు. వాడికి ఊహ తెలిసినప్పట్నించీ చెప్తున్నా, ఒరేయ్ ఒక గేమ్ ఉందిరా, అందులో ఒక ముసలాయన ఉంటాడు, మనం గంటలు గంటలు ఒక్కళ్లమే తిరిగి తిరిగి వెళ్తే ఆయన ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడతాడు, అది చూస్తే నీకు తెలుస్తుంది అని. "రా రా, ఇప్పుడొస్తాడు చూడు" అన్నా. వచ్చాడు. మావాడు కాసేపు చూసి, పాపం నా మొహం కూడా చూసి, "బానే ఉంది నాన్నా, ఈయన మెయిన్ ఎన్‌పీసీ యా?" అనేసి వెళ్లిపోయాడు.

ఎన్‌పీసీ అంట, అంటే కంప్యూటర్ ఆడించే ఉత్త పాత్ర. గెన్‌ని.

తప్పు వాడిది కాదు. వాడికి కనపడింది అదే. నడిచే తీరు బానే ఉంది, బట్టలు భేష్, గడ్డం వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయి, కళ్లు మాత్రం ఎవరో వెనక నించి తిప్పుతున్నట్టు తిరుగుతున్నాయి. మాట్లాడుతుంటే పెదాలు ఆ మాట దగ్గరికి ఒక పిసరు ఆలస్యంగా వస్తున్నట్టు నాకనిపిస్తోంది, అది నా భ్రమేమో గానీ ఒకసారి అనిపించాక ఇక అదే కనిపిస్తోంది.

ఇప్పుడు తమరు అనొచ్చు, ఒక్క మొహం కోసం ఇంత రాద్ధాంతమా, ఈ ముసలి ఆటగాళ్లకి ఏం చేసినా ఏడుపే అని. చాలామంది అదే అంటున్నారు. కొత్తగా ఆడిన కుర్రాళ్లయితే పాత గేమ్‌లో నటుల్ని పెట్టి తీసిన వీడియో ముక్కలు చూసి నవ్వుతున్నారు, ఆకుపచ్చ తెర ముందు నిలబెట్టి తీసి అతికించినట్టు ఉందంట. అవునయ్యా, అతికించిందే. దాని గొప్పతనమే అది, ఎవరికీ అర్థం కాకపోతే నేను చెప్తా వినండి.

రివెన్‌లో మనుషులుంటారు గానీ మనకి దొరకరు. దిగగానే ఆ చో అనే కాపలావాడు ఏదో అర్థంకాని భాషలో మాట్లాడి, గెన్‌ని బంధించడానికి మనం తెచ్చిన పుస్తకం లాక్కుంటాడు, వాడి మెడలో బాణం దిగి పడిపోతాడు, పుస్తకం ఇంకెవడో ఎత్తుకుపోతాడు, అంతే, ఆ తర్వాత మనం ఒంటరి. అడవి దారిలో ఒక చిన్నపిల్ల కనిపిస్తుంది, మనల్ని చూసి పారిపోతుంది. ఊళ్లో తలుపు కొడితే తీసి చూసి మూసేసుకుంటారు. ఒడ్డున పడుకున్న సన్నర్లు కూడా దగ్గరికి వెళ్తే నీళ్లలోకి జారిపోతాయి, జంతువులక్కూడా మనం అక్కర్లేదు. రాయి, చెక్క, నీళ్లు, పైపులు, అంతా కంప్యూటర్‌లో గీసిందే. గంటల తరబడి ఆ గీసిన ప్రపంచంలో తిరిగి, ఎవడో ఒకడు మాట్లాడితే బాగుండు అనిపించే స్థితికి వచ్చాక అప్పుడు గెన్ వస్తాడు, వచ్చినవాడు గీసినవాడు కాదు, మనిషి. జాన్ కెస్టన్ అనే నటుడు. గొంతులో తడి, పైపు నోట్లో పెట్టుకుని ఆలోచించేటప్పుడు బుగ్గ కదలడం, మనల్ని నమ్మాలా వద్దా అని తూకం వేసుకుంటున్న కళ్లు. ఊళ్లవాళ్లని వార్క్ అనే సముద్రపు మృగం నోటికి వేలాడదీసి చంపే దుర్మార్గుడు, ఆ సంగతి బళ్లో పిల్లల బొమ్మ చూసి మనకి తెలుసు, అయినా వాడు మర్యాదగా మాట్లాడుతుంటే ఒక్క క్షణం వాడి మాట నమ్మాలనిపిస్తుంది ఎందుకంటే ఇంతసేపటికి మనతో మాట్లాడింది వాడొక్కడే. ఆట మొత్తానికి కీలకం అదేనండీ, ఈ మనిషికి మళ్లీ మన చేతికొచ్చిన ఆ పుస్తకం ఇవ్వాలా, వాడు ముందు నువ్వెళ్లు అంటే వెళ్లాలా. మనిషిని చూసి తీసుకునే నిర్ణయం అది. బొమ్మని చూసి ఎవడూ తీసుకోడు, బొమ్మ అయితే ఏ బటన్ నొక్కితే ఏ ఎండింగ్ వస్తుందా అని చూస్తాడు.

ఇప్పుడు దీవీ గీసిందే, గెన్ కూడా గీసినవాడే. అన్నీ ఒకే పిండితో చేసారు.

ఎందుకు చేసారో నాకు తెలుసు, అమాయకుణ్ణి కాదు. వీఆర్‌లో కూడా ఆడాలి కదా, క్వెస్ట్ హెడ్‌సెట్ తగిలించుకున్నవాడు బోనులో ఒక అడుగు పక్కకి వేసి చూస్తే పాత వీడియో అట్టముక్కలా పల్చగా కనిపిస్తుంది. ఆ వీడియో తీసింది ఒకే కోణంలో నించి, పాత గేమ్‌లో మన కన్ను ఎక్కడుంటుందో వాళ్లకి ముందే తెలుసు కాబట్టి సరిపోయింది. ఒప్పుకుంటా. మా ఫ్రెండ్ హెడ్‌సెట్ పెట్టుకుని నేనూ చూసా, చెయ్యి చాపితే పూజ గూట్లో పటానికి తగిలింది, కాసేపటికి కడుపులో తిప్పింది, తీసేసా. వీఆర్ వాళ్ల సౌకర్యం కోసం మానిటర్ ముందు కుర్చీలో కదలకుండా కూర్చున్నవాడి మొహం మీద కూడా ఎందుకు కొట్టాలి? రివెన్‌కి ముందొచ్చిన ఆట మిస్ట్‌కి చేసిన 2021 రీమేక్‌లో ఏమైంది, అక్కడా సిరస్, అకెనార్ అనే పాత్రల్ని సీజీ బొమ్మలు చేసి తర్వాత పాత వీడియోలు కూడా పెట్టుకునే ఆప్షన్ ఇచ్చారు. వాళ్లిద్దరూ పుస్తకంలో చిన్న డబ్బాలో కనిపిస్తారు కాబట్టి అక్కడ తేలిక, ఇక్కడ కష్టం అంటారు, నిజమే. అందులో నటించింది ఎవరో తెలుసుగా, గేమ్ తయారుచేసిన రాబిన్ మిల్లర్, రాండ్ మిల్లర్ అన్నదమ్ములే, నటన అంతంతమాత్రం. ఆ నటనకే ఆప్షన్ ఇచ్చి, నిజం నటుడైన కెస్టన్‌కి ఇవ్వలేదు, ఇదెక్కడి న్యాయమండీ.

మా దగ్గర మాయాబజార్‌కి 2010లో రంగులేసారు. అప్పుడూ గొడవే, నలుపు తెలుపు అందం పోయిందని సగం మంది, పిల్లలు చూస్తారని సగం మంది. రంగులేసారు, సౌండ్ మార్చారు, తెర వెడల్పు చేసారు. కానీ ఎస్వీ రంగారావు గారి మొహం తీసేసి గొంతు మాత్రం ఉంచి కింద ఇంకో బొమ్మని పెట్టాలన్న ఆలోచన ఏ మహానుభావుడికీ రాలేదు. వచ్చుంటే ఆ థియేటర్ ఉండేది కాదు. నువ్వు చేసింది అదే. కెస్టన్ 2022లో పోయాడు, అప్పటి గొంతు రికార్డింగ్ తీసి ఈ బొమ్మకి తగిలించావు. గొంతు వింటే ఒళ్లు జలదరిస్తోంది, కళ్లు మూసుకుంటే ఆయనే. కళ్లు మూసుకుని ఆడటానికా నేను డబ్బులు కట్టింది? అన్‌రియల్ ఇంజిన్ 5 పెట్టి ఆకు మీద తేమ చూపించావు, రాయి మీద పాచి చూపించావు, ఒక్క మనిషున్నాడు ఆ ఆటలో, ఆ ఒక్కణ్ణీ తీసేసావు!

మీరు అనడం మర్చిపోయా, పోనీలే, ఆ పైన "మహారాజశ్రీ" కూడా కొట్టేసుకో.

చిన్నా చితకా ఇంకా ఉన్నాయి. నోట్‌బుక్ ఆటలోనే పెట్టావు, ఏది కనపడితే అది ఫొటో తీసి అందులో దాచుకోవడం. సౌకర్యమే, కానీ పాత లాంగ్ నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో గీసి పక్కన "ఇది కప్ప అరుపా?" అని రాసుకున్న పేజీలున్నవాడికి ఇదేదో అటెండెన్స్ రిజిస్టర్‌లా ఉంది. ఇంకోటి, మంచి నిశ్శబ్దంలో గుమ్మటం తెరుచుకుంటుంటే మూలన టింగ్ మని అచీవ్‌మెంట్ రావడం, ఎవరడిగారు?

పజిల్స్ మార్చినందుకు మాత్రం తిడదామనే కూర్చున్నా, అక్కడ నా నోరు కట్టేసావు. నాకు ఈ ఆటల్లోని కల్పిత భాష డ్ని అంకెలు కంఠతా వచ్చు, ఇరవైఐదు వరకూ ఒకటో గుర్తుని పక్కకి తిప్పితే ఐదు, రెండుని తిప్పితే పది, నిద్రలో లేపి అడిగినా రాస్తా, తెలుగు అంకెలు మాత్రం పంచాంగంలో చూస్తే ఏడు ఎనిమిది తడబడతా, అది వేరే సిగ్గు. ఆ ధీమాతో పాత నోట్‌బుక్ అటక మీంచి దింపి పక్కన పెట్టుకుని మొదలుపెట్టా, రెండు మూడు సాయంత్రాల్లో తేల్చేద్దామని. ఆ 625 చిల్లుల పలక మీద రంగు గోళీలు ఎక్కడ పెట్టాలో, జంతువుల రాళ్లు ఏ వరసలో నొక్కాలో, అన్నీ ఉన్నాయి అందులో. ఒక్కటీ పనికిరాలేదు. తెలిసిన చోటే దారి తప్పడం ఏంటో ఇన్నేళ్ల తర్వాత మళ్లీ తెలిసింది. పాత జవాబులు తెలిసినవాళ్లలో కొందరు దీనికే మండిపడుతున్నారు, ఒరిజినల్ పాడుచేసారని. నేను వాళ్లతో లేను. రివెన్ అంటేనే తెలియకపోవడం, జవాబు తెలిసిన రివెన్ ఉత్త టూరిస్ట్ బస్సు. ఈ విషయంలో మీ చేతులకి దణ్ణం. (ఇదిగో మళ్లీ మీరు వచ్చేసింది.)

అందుకే ఇంకా మంట. ఇంత తెలివి ఉన్నవాళ్లు, అభిమానులు ఏళ్ల తరబడి స్టారీ ఎక్స్‌పాన్స్ అంటూ సొంతంగా రివెన్‌ని త్రీడీలో కట్టుకుంటుంటే ఆ పని విలువ గుర్తించి పాతికేళ్ల పండక్కి అధికారికంగా ప్రకటించినవాళ్లు, పజిల్ మారిస్తే ఆట బతుకుతుందని తెలిసినవాళ్లు, మొహం మారిస్తే ఏం చస్తుందో ఎలా తెలుసుకోలేదు? తిట్టి తిట్టి అలసిపోయి 2025 మార్చిలో ఈ గేమ్ తయారుచేసిన సయాన్ కంపెనీ వాళ్లు పన్నెండు మందిని, అంటే దాదాపు సగం టీంని తీసేసిన వార్త గుర్తొచ్చి ఆగా. ఆ దీవుల్లో పాచి గీసినవాళ్లలో ఎంతమంది ఇప్పుడు వేరే ఉద్యోగం వెతుక్కుంటున్నారో. వాళ్ల మీద నాకేం కోపం లేదు. కోపం నీ మీదే, నీకు ఉద్యోగం పోదు కదా.

కాబట్టి అడిగేది ఒక్కటే. సెట్టింగ్స్‌లో, వీఆర్ లేనివాళ్లకి, ఒక్క టిక్ బాక్స్. పాత గెన్. అట్టముక్కలాగే ఉండనీ, అంచులు తెల్లగా మెరవనీ, రిజల్యూషన్ 1997ది 1997లాగే ఉండనీ. బోనులో నేను కదలను, ప్రమాణం చేస్తా, కుర్చీకి కట్టేసుకోమన్నా కట్టేసుకుంటా.

ఇట్లు,
తమ దగ్గర పూర్తి ధర చెల్లించి, సేల్ కోసం ఆగమని చెప్పినవాళ్ల మాట వినని,
ఒక పాత 5 సీడీల ఆసామి

తా.క.: ఈ కొత్త ఆటలో టోటెమ్‌ల పజిల్ దగ్గర ఒకటి నాకు లెక్క కుదరట్లేదు, ఇవాళ ఆఫీసులో కూడా రఫ్ పేపర్ మీద గీస్తూ కూర్చున్నా. జవాబు తెలిసినవాళ్లు దయచేసి చెప్పొద్దు. మావాడు అప్పుడే యూట్యూబ్‌లో చూసేసాడంట, అన్నం తినేటప్పుడు చెప్తా చెప్తా అని బెదిరిస్తున్నాడు.