విధేయత ఒకవైపే ఎందుకు?

2025 నవంబరు 4న న్యూయార్క్ మేయరుగా జోహ్రాన్ మమ్దానీ, వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నరుగా హైదరాబాదులో పుట్టిన గజాలా హష్మీ గెలిచారు. ఐదు రోజులకే, నవంబరు 9 రాత్రి, సెనేట్‌లో డెమోక్రాటిక్ పక్షాన కూర్చునే ఎనిమిది మంది రిపబ్లికన్లతో కలిసి ఓటు వేసి ప్రభుత్వ షట్‌డౌన్ ముగింపునకు దారి తెరిచారు. ఆరోగ్య బీమా రాయితీలను పొడిగిస్తే తప్ప ఖర్చుల బిల్లుకు ఒప్పుకోమని నలభై రోజులు నిలబడిన పట్టు ఆ రాత్రితో సడలింది; రాయితీలు మాత్రం రాలేదు. ఆ తరువాతి రోజుల్లో మిషిగన్‌లో స్థిరపడిన ఇద్దరు తెలుగువారు మాట్లాడుకుంటున్నట్టుగా ఈ వాదం రాశాను. ఒకరు ప్రతి ఎన్నికలోనూ డెమోక్రాట్లకే ఓటు వేస్తూ ప్రతిసారీ మనసు కష్టపెట్టుకునే ఓటరు; రెండోవారు ఏళ్ల తరబడి ఆ పార్టీ కోసం ఇంటింటికీ తిరుగుతున్న కార్యకర్త. నా మొగ్గు ఓటరు వైపే. అయితే కార్యకర్త మాటల్లో నేను తోసిపుచ్చలేనివి ఉన్నాయి గనుక ఆయన వాదాన్ని ఎక్కడా పలుచన చేయలేదు.

ఓటరు: బాబాయి గారూ, ఎన్నికల్లో ఓడి వెనక్కి తగ్గితే అర్థం చేసుకోగలను. గెలిచిన ఐదో రోజున వెనక్కి తగ్గడాన్ని ఎలా అర్థం చేసుకోమంటారు? ఆ ఎనిమిది మందిలో ఒక్కరైనా 2026లో ఓటరు ముందుకు రావలసినవారు కారు. ఇద్దరు పదవీ విరమణ చేస్తున్నారు, మిగిలిన ఆరుగురి ఎన్నికలు 2028లోనో 2030లోనో ఉన్నాయి. జనానికి జవాబు చెప్పనక్కరలేనివారే, బిల్లు కదలడానికి కావలసిన 60 ఓట్ల లెక్కకు సరిగ్గా సరిపడా ముందుకు రావడం యాదృచ్ఛికమని నేను నమ్మలేకపోతున్నాను.

కార్యకర్త: అమ్మా, ఆ ఓటు నాకూ నచ్చలేదు. కానీ ఆ వారం దేశం ఎలా ఉందో ఒకసారి గుర్తు తెచ్చుకో. ఆహార సహాయం మీద ఆధారపడిన సుమారు 4 కోట్ల 20 లక్షల మందికి నవంబరు సహాయం ఆగిపోయింది. విమానాల రాకపోకలను నియంత్రించే ఉద్యోగులు జీతం లేకుండా పనిచేస్తున్నారు. అవతలి పక్షం ఈ కష్టాన్ని చూసి కరిగేది కాదు. ఆకలితో ఉన్నవాడి కంచాన్ని పణంగా పెట్టి ఎన్నాళ్లు నిలబడగలమని ఆ ఎనిమిది మంది అడిగారు. ఆ ప్రశ్నను పిరికితనమని కొట్టిపారేయడం న్యాయం కాదు.

ఓటరు: ఆ కష్టం అబద్ధమని నేను అనను. కానీ ఈ పార్టీలో రాజీ పడే భారం ఎప్పుడూ ఒకే వైపువారి, అంటే వామపక్షం వైపు మొగ్గే మావంటివారి, నెత్తిన పడుతుంది. నా కోపమంతా అక్కడే ఉంది. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో ఓడిన వామపక్ష సెనేటర్ బెర్నీ శాండర్స్ 2016లో హిల్లరీ క్లింటన్ కోసం, 2020లో బైడెన్ కోసం ప్రచారం చేశారు. మన మిషిగన్‌లో 2018 గవర్నర్ ప్రైమరీలో గ్రెచెన్ విట్మర్ చేతిలో ఓడిన అబ్దుల్ ఎల్ సయ్యద్ ఆ తరువాత ఆమెనే బలపరిచారు. నేనూ ఆ నవంబరులో విట్మర్‌కే ఓటు వేశాను, వేసినందుకు విచారించడం లేదు. మరి మధ్యేవాదులు ప్రైమరీలో ఓడినప్పుడు ఏం చేశారు? సెనేటర్ జో లీబర్మన్ 2006లో కనెటికట్ ప్రైమరీలో నెడ్ లామాంట్ చేతిలో ఓడి, స్వతంత్రుడిగా పోటీ చేసి గెలిచారు. మాజీ గవర్నర్ ఆండ్రూ కుమో 2025 జూన్‌లో న్యూయార్క్ ప్రైమరీలో మమ్దానీ చేతిలో ఓడి, స్వతంత్రుడిగానే మళ్లీ బరిలోకి దిగారు. ఎన్నికకు ముందురోజు ఆయనకు ట్రంప్ మద్దతు కూడా దొరికింది. గెలిచినది ఎవరైనా పార్టీ వెంట నడవాలన్న నీతి వీళ్లిద్దరికీ ఎవరూ చెప్పలేదా?

కార్యకర్త: చెప్పారు. 2006లో పార్టీ నాయకులు లామాంట్‌కే మద్దతు ప్రకటించారు. స్వతంత్రుడిగా నిలబడే హక్కును చట్టం ఇచ్చింది, ఓటర్లు గెలిపించారు. అందులో పార్టీ చేసిన తప్పు ఏముంది?

ఓటరు: పార్టీ చేసిన తప్పు ఆ తరువాత జరిగింది. 2008లో లీబర్మన్ రిపబ్లికన్ల మహాసభ వేదిక ఎక్కి వారి అధ్యక్ష అభ్యర్థి మెకెయిన్‌ను గెలిపించమని అడిగారు. ఎన్నిక ముగిశాక సెనేట్ డెమోక్రాట్లు సమావేశమై, 42 ఓట్లతో, ఆయన కమిటీ అధ్యక్ష పదవిని ఆయనకే ఉంచారు. వద్దన్నవారు 13 మందే. ఏడాది తిరిగేసరికి ఆరోగ్య బీమా చట్టం సెనేట్ ముందుకు వచ్చింది. ప్రతినిధుల సభ ఆమోదించిన బిల్లులో ప్రభుత్వమే నడిపే బీమా పథకం ఉంది. పార్టీ పక్షాన సరిగ్గా 60 మంది ఉన్నారు, ఒక్కరు తగ్గినా బిల్లు కదలదు. ఆ పథకం ఉంటే ఓటు వేయనని లీబర్మన్ అడ్డు తిరిగారు. దానికి బదులుగా 55 ఏళ్లు దాటినవారిని వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్‌లో చేరనిద్దామంటే దానికీ ఒప్పుకోలేదు. రెండూ పోయాయి. ప్రైమరీ ఓటర్లు ముందే వద్దన్న మనిషి చేతికి దేశం మొత్తం ఆరోగ్య చట్టాన్ని అప్పగించినట్టయింది. ఈ నవంబరులో ఏ బీమా రాయితీల కోసం నలభై రోజులు కొట్లాడారో, ఆ రాయితీలు అంతగా అవసరం కావడానికి ఆనాడు ఆ ప్రభుత్వ పథకం లేకుండా పోవడం కూడా ఒక కారణమని నా నమ్మకం.

కార్యకర్త: నీవు చెప్పిన వరుస సరైనదే. కానీ ఆ అరవై లెక్కలో నా వాదమూ ఉంది. లీబర్మన్‌ను పార్టీ నుంచి గెంటేసి ఉంటే ఆ 60 కాస్తా 59 అయ్యేది, అప్పుడు నీకు ప్రభుత్వ పథకమే కాదు, ఇవాళ ఉన్న చట్టమూ ఉండేది కాదు. ముందే ఉన్న జబ్బు పేరు చెప్పి బీమా నిరాకరించే రోజులు నాకు బాగా గుర్తున్నాయి. 2021లోనూ అంతే. సెనేట్ 50-50గా చీలి ఉన్నప్పుడు పశ్చిమ వర్జీనియా నుంచి మధ్యేవాది జో మాంచిన్ కాకపోతే రిపబ్లికన్ వచ్చేవాడు. ఆయన పిల్లల పన్ను రాయితీ పొడిగింపును అడ్డుకున్నది నిజమే. ఆయన ఓటుతోనే 2022 ఆగస్టులో మెడికేర్‌లో ఉన్న పెద్దవారికి ఇన్సులిన్ నెలకు 35 డాలర్లకు దొరికే చట్టం వచ్చిందన్నదీ నిజమే. 60 ఓట్లు అక్కరలేని బడ్జెట్ పద్ధతిలో పెట్టినా, అప్పుడు కూడా ఉపాధ్యక్షురాలు హ్యారిస్ తన ఓటు వేసి 51-50 చేస్తే గానీ బిల్లు గట్టెక్కలేదు.

ఓటరు: ఇన్సులిన్ సంగతి నేను తక్కువ చేయను. కానీ ఆ పిల్లల రాయితీ ఏం చేసిందో చూడండి. ఆరేళ్లలోపు బిడ్డకు ఏడాదికి 3,600 డాలర్లు, అంతకు పైవారికి 3,000 డాలర్లు. ప్రభుత్వ సహాయాలను కలుపుకుని వేసే లెక్కలో పిల్లల పేదరికం 2021లో 5.2 శాతానికి దిగింది. ఆ రాయితీ పోయాక 2022లో 12.4 శాతానికి ఎగబాకింది. అంత స్పష్టంగా పనిచేసిన పథకాన్ని వదులుకున్న పార్టీ, దాన్ని తిరిగి తెస్తామన్న మాటనైనా ప్రతి వీధిలో, ప్రతి వేదిక మీద చెప్పి ఉండవలసింది. కనీస వేతనం కథా ఇదే. సమాఖ్య కనీస వేతనం గంటకు 7.25 డాలర్ల దగ్గర 2009 నుంచి కదలలేదు. 2021 మార్చిలో 15 డాలర్ల సవరణకు డెమోక్రాటిక్ పక్షంలోనే ఎనిమిది మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. ట్రంప్‌ను గెలిపించిన ఫ్లోరిడా ప్రజలే 2020లో, మిసోరీ ప్రజలే 2024లో అదే 15 డాలర్ల వేతనానికి నేరుగా ఓటు వేసి నెగ్గించారు. జనం ఇటు వచ్చి నిలబడితే పార్టీయే అటు జరిగిపోతోంది.

కార్యకర్త: ఆ మాట నన్నూ ఆలోచింపజేసింది. ఒక విధానాన్ని మెచ్చుకునే ఓటరు ఆ విధానం తెచ్చే పార్టీని మెచ్చుకోకపోవడం మా వైఫల్యమే. కానీ మిషిగన్ సంగతి ఎత్తకుండా ఈ వాదం ముగియదు. 2024 ఫిబ్రవరి 27 ప్రైమరీలో, గాజా యుద్ధం మీద నిరసనగా, బైడెన్‌కు కాకుండా ‘అన్‌కమిటెడ్’ (ఎవరికీ కట్టుబడను) అన్న గడిని నింపినవారు లక్ష దాటారు. నవంబరులో హ్యారిస్ ఇక్కడ సుమారు 80 వేల ఓట్ల తేడాతో ఓడారు. అరబ్ అమెరికన్లు ఎక్కువగా ఉండే డియర్‌బోర్న్ నగరంలో ట్రంప్ మొదటి స్థానంలో నిలిచారు, గ్రీన్ పార్టీ అభ్యర్థి జిల్ స్టైన్ చెప్పుకోదగ్గ ఓట్లు చీల్చారు. గాజా మీద కడుపుమంటతో వేసిన ఆ ఓట్లు గాజాకు ఏం మేలు చేశాయి? ప్రమాణ స్వీకారం జరిగి మూడు వారాలైనా కాకముందే గాజాను అమెరికా స్వాధీనం చేసుకుంటుందని ట్రంప్ ప్రకటించారు.

ఓటరు: ఆ గడి నింపినవారిలో నేనూ ఉన్నాను. బ్యాలట్ కాగితం మీద ముగ్గురి పేర్ల కింద, చిట్టచివరన ఉంది ఆ మాట. పక్కనున్న గడిని నల్ల పెన్నుతో నింపేటప్పుడు నేను ట్రంప్‌కు సాయం చేస్తున్నానని అనుకోలేదు, నా పార్టీకి ఉత్తరం రాస్తున్నానని అనుకున్నాను. నవంబరులో మళ్లీ పోలింగ్ జరిగే అదే బడిలోకి వెళ్లి హ్యారిస్‌కు ఓటు వేశాను. మీరు చెప్పిన రెండు అంకెలను పక్కపక్కన పెట్టి నన్ను నిందిస్తున్నారు గాని, వాటిని తేదీల వరుసలో చదవండి. లక్ష మంది ఎనిమిది నెలల ముందే హెచ్చరించారు. ఆగస్టులో మన పార్టీ షికాగో మహాసభలో ఒక్క పాలస్తీనా అమెరికన్‌కు వేదిక మీద కొద్ది నిమిషాలు ఇవ్వమని ఆ ఓటర్ల తరఫు ప్రతినిధులు అడిగారు. వారు సూచించిన పేరు జార్జియా శాసనసభ్యురాలు రువా రొమ్మాన్, హ్యారిస్‌ను గెలిపించమనే అడగబోయిన మనిషి. ఆ కొద్ది నిమిషాలు కూడా దొరకలేదు. రిపబ్లికన్లకు మాత్రం అదే వేదిక మీద చోటు దొరికింది. పైగా అటో ఇటో తేలని ఏడు స్వింగ్ రాష్ట్రాలూ పోయిన ఎన్నిక అది. మిషిగన్ 15 ఎలక్టోరల్ ఓట్లు వచ్చినా ఫలితం మారేది కాదు. ఆ ఓటమి మొత్తాన్ని మా తల మీద పెట్టకండి.

కార్యకర్త: వేదిక ఇవ్వకపోవడం తప్పు. ఆ మాట నేను అప్పుడే మా కౌంటీ సమావేశంలో అన్నాను. కానీ ఉత్తరం చదవని పార్టీని మార్చాలంటే దాని లోపలికి రావాలి. 2018లో మన మిషిగన్ పౌరులు నియోజకవర్గాల హద్దులను గీసే అధికారాన్ని నాయకుల చేతిలోంచి తీసి స్వతంత్ర కమిషన్‌కు అప్పగించారు. ఆ కొత్త హద్దులతో జరిగిన 2022 ఎన్నికలో దాదాపు నలభై ఏళ్ల తరువాత ఇక్కడ ఉభయ సభలూ గవర్నర్ పదవీ మన చేతికి వచ్చాయి. మరుసటి ఏడాదే యూనియన్లను బలహీనపరిచిన 2012 చట్టం పోయింది, 1931 నాటి గర్భస్రావ నిషేధం పోయింది, ప్రభుత్వ బడుల్లో పిల్లలందరికీ ఉచిత భోజనం వచ్చింది. ఇవన్నీ నీవు తిట్టే ఈ పార్టీయే చేసింది.

ఓటరు: చేసింది, అందుకే ఇంకా ఇక్కడున్నాను. కానీ అదే 2022లో ఏం జరిగిందో మీకూ తెలుసు. గ్రాండ్ రాపిడ్స్ స్థానపు రిపబ్లికన్ ప్రైమరీలో, ట్రంప్ అభిశంసనకు ఓటు వేసిన పీటర్ మైయర్‌ను ఓడించడానికి, 2020లో ట్రంపే గెలిచారన్న అబద్ధాన్ని నమ్మిన, నవంబరులో ఓడించడం తేలికనుకున్న జాన్ గిబ్స్‌కు లాభించేలా, ప్రతినిధుల సభ ఎన్నికలు చూసే మన పార్టీ కమిటీ నాలుగు లక్షల డాలర్లకు పైగా ప్రకటనల మీద పెట్టింది. ఆ డబ్బు ఎవరిది? ప్రజాస్వామ్యం ప్రమాదంలో ఉంది, అర్ధరాత్రిలోగా అయిదు డాలర్లు పంపమని ఫోనుకు సందేశాలు వస్తే నమ్మి పంపిన మనలాంటివారిది కూడా. 2019లో అదే కమిటీ, పదవిలో ఉన్న డెమోక్రాట్ల మీద ప్రైమరీలో నిలబడేవారికి పనిచేసే సంస్థలకు తన పనులు ఇవ్వనని నియమం పెట్టింది. రెండేళ్లకు గాని దాన్ని ఎత్తేయలేదు. లోపలికి రమ్మనేదీ మీరే, వచ్చే దారికి అడ్డం కట్టిందీ మీ పార్టీయే.

కార్యకర్త: గిబ్స్ విషయంలో నా దగ్గర సమర్థన లేదు. ఆ స్థానం మనమే గెలిచినా, అది చేయకూడని పని. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదనడానికి మమ్దానీయే సాక్ష్యం. న్యూయార్క్ ప్రైమరీలో ఓటరు తన ఇష్టాన్ని వరుస క్రమంలో గుర్తించవచ్చు గనుక, ఆయనా మరో అభ్యర్థి బ్రాడ్ లాండరూ పోటీదారులై ఉండి కూడా ఒకరినొకరు రెండో ఓటుకు సిఫారసు చేసుకోగలిగారు. నీ అసంతృప్తికి అసలు మందు అటువంటి నియమమే. 2024లో కొలరాడో, నెవాడా, ఐడహో, ఆరెగన్ ప్రజలు దాన్ని తిరస్కరించారు. అందుకు పార్టీ ఒక్కదాన్నే అనలేవు.

ఓటరు: నియమం మారాలన్నదానికి పూర్తిగా ఒప్పుకుంటున్నాను. మమ్దానీ పేరు మీరే తెచ్చారు గనుక చెప్పండి: జూన్‌లో ప్రైమరీ గెలిచిన ఆయనకు ప్రతినిధుల సభలో మన నాయకుడు జెఫ్రీస్ మద్దతు ముందస్తు పోలింగ్ మొదలయ్యే ముందురోజున గాని రాలేదు. సెనేట్ నాయకుడు షూమర్ మద్దతు చివరిదాకా రానే లేదు. ఇద్దరూ ఆ నగరవాసులే. ఏరు దాటేదాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న అన్నట్టు, నవంబరులో మా ఓటు కావాలి, మా అభ్యర్థి గెలిచిన ఏడాది మాత్రం మేము గుర్తురాము. 2026 ఆగస్టు 4న మన సెనేట్ ప్రైమరీ ఉంది. హేలీ స్టీవెన్స్, మాలరీ మెక్‌మారో, ఎల్ సయ్యద్ పోటీలో ఉన్నారు. ఎల్ సయ్యద్ గెలిస్తే మీరు ఇంటింటికీ తిరుగుతారా?

కార్యకర్త: తిరుగుతాను. అది నా మాట. వాషింగ్టన్ నాయకుల తరఫున మాట ఇచ్చే అధికారం నాకు లేదు. స్టీవెన్స్ గెలిస్తే నీవు తిరుగుతావా?

ఓటరు: ఓటు తప్పకుండా వేస్తాను. తలుపులు తట్టాలంటే, ఆ ఇంటివారికి నిజాయతీగా చెప్పగల కారణం ఒకటి ఆమె నాకు ఇవ్వాలి. అది దొరికితే వస్తాను.

కార్యకర్త: అయితే ముందు ఇంకో పని చెయ్యి. ప్రీసింక్ట్ డెలిగేట్లను, అంటే ఒక్కో పోలింగ్ ప్రాంతపు పార్టీ ప్రతినిధులను, ఎన్నుకునేదీ ఆగస్టు బ్యాలట్ మీదనే. మన ప్రీసింక్ట్‌లో ఆ పదవికి ఎవరూ నిలబడక ఖాళీగా ఉంది. మే మొదటి వారంలోగా క్లర్కు కార్యాలయంలో నోటరీ చేయించిన ఒక కాగితం ఇస్తే చాలు, రుసుము లేదు. కౌంటీ మహాసభలో నీకూ ఒక ఓటు ఉంటుంది.

ఓటరు: ఇస్తాను. గెలిస్తే మొదటి సభలోనే తీర్మానం పెడతాను: ప్రైమరీలో గెలిచిన అభ్యర్థిని నెల రోజుల్లోగా బలపరచని పదవీధరులకు మన కౌంటీ పార్టీ వేదిక ఇవ్వకూడదని.

కార్యకర్త: అది వీగిపోతుందమ్మా. సగం మందికి పైగా లేచి వ్యతిరేకిస్తారు.

ఓటరు: వ్యతిరేకించినవారి పేర్లు నమోదవుతాయి కదా. మీరు ఎటు ఓటు వేస్తారు?

కార్యకర్త: నీ వైపువారికీ అది సమానంగా వర్తిస్తుందని కాగితం మీద రాయి, నేనే బలపరుస్తాను.

ఓటరు: అదే మొదటి వాక్యంగా రాస్తాను, బాబాయి గారూ.